ఇద్దరి పళ్ళేనికి అరకిలో లెక్కలెందుకు?

సంపాదకులకు నమస్కారం.

ప్రేమికుల రోజు సందర్భంగా మీ ఆదివారం అనుబంధంలో, ఇద్దరు కలిసి తినేందుకు డెజర్ట్ బోర్డు పేర్చుకునే పద్ధతి గురించి వచ్చిన వ్యాసం చదివాను. చెక్క పలక మీద చాక్లెట్లు, స్ట్రాబెర్రీలు, చీజ్‌కేక్ ముక్కలు సర్దిన ఆ ఫొటో చూడముచ్చటగానే ఉంది కానీ, ఇదంతా మనకు కొత్తగా దిగుమతి అయిన ముచ్చట అన్నట్టు రాయడం మాత్రం నాకు సబబుగా తోచలేదు. శోభనం గదిలో మంచం పక్కన పెట్టే పళ్ళెం మరేమిటి? లడ్డూలు, జిలేబీలు, ద్రాక్ష, ఆపిల్, అరటిపళ్లు, పాలగ్లాసు, తాంబూలం, అన్నీ ఆ ఇద్దరి కోసమే పేర్చినవి. లోపమల్లా, ఆ పళ్ళెం సర్దేది పెద్దవాళ్లు. తినబోయే వాళ్లకు ఏమిష్టమో అడగరు. మా శోభనం పళ్ళెంలో రెండు కిలోలకు తగ్గకుండా మిఠాయిలుంటే, సిగ్గుకొద్దీ మేం ముట్టుకున్నది నాలుగు ద్రాక్షపళ్లు. మిగిలినదంతా తెల్లవారేసరికి చీమల పాలైంది.

ఈ ఫిబ్రవరిలో మా పెళ్లయి 25 ఏళ్లు నిండాయి. మీ వ్యాసం ప్రభావం వల్ల కావచ్చు, ఆ రోజు మధ్యాహ్నానికి ఒక దుకాణం నుంచి ఫోన్‌లోనే డెజర్ట్ బోర్డు తెప్పించాను. స్కూటర్ మీద ఎండన పడి వచ్చిన పెట్టె మూత తీస్తే స్ట్రాబెర్రీలు నీరుకారి బిస్కెట్లను నానబెట్టేశాయి. చాక్లెట్లు ఒకసారి కరిగి, మళ్లీ గడ్డకట్టి, పైన తెల్లటి బూజులాంటి పొర కట్టి ఉన్నాయి. అది బూజు కాదనీ, కోకో వెన్న సుమారు 34 డిగ్రీల దగ్గర కరిగిపోతుంది కాబట్టి ఎండ తగిలితే పైకి తేలి అలా పేరుకుంటుందనీ నాకు తెలుసు. అయినా 1,800 రూపాయలు పోసి కొన్నది పెళ్లిరోజున భార్య ముందు పెట్టడానికి మనసొప్పలేదు. ఆమె మాత్రం నవ్వి, "రేపు మీరే సర్దండి, చూద్దాం" అంది.

మర్నాడు ఉదయమే ధవళేశ్వరం బ్యారేజీ మీదుగా ఆత్రేయపురం వెళ్లాను. పూతరేకులు ఎక్కడైనా దొరుకుతాయి కానీ, వాటికి 2023లో భౌగోళిక గుర్తింపు తెచ్చిపెట్టిన ఊళ్లో, కళ్ల ముందు చుట్టించుకుని తెచ్చుకోవడం వేరు. బోర్లించిన కుండ కింద మంట పెట్టి, పలచటి బియ్యప్పిండి జావలో ముంచిన గుడ్డను కుండ మీదుగా ఒక్కసారి లాగుతారు. గుడ్డ అవతలికి చేరేలోపే రేకు కాగితంలా పైకి లేస్తుంది. మడత పెట్టేటప్పుడు విరగకుండా దానికి కాస్త తడి తగిలిస్తారు. అంత కొద్దిపాటి తడికే లొంగే వస్తువు కోసిన పండు పక్కన ఎంతసేపు నిలుస్తుందో ఆలోచించండి. డెజర్ట్ బోర్డు పేర్చేవారు అందం కంటే ముందు చూసుకోవలసింది ఈ తడిపొడి పొత్తులేనని నా అభిప్రాయం. మీ వ్యాసంలో ఆ ప్రస్తావన లేదు.

ఇంట్లో ఇత్తడి పళ్ళెం తీసుకుని, నడుమ చిన్న గిన్నెలో ఖుబానీ కా మీఠా, అంటే ఎండు ఆప్రికాట్ పళ్లతో చేసే హైదరాబాదీ తీపి, పెట్టాను. పెళ్లయిన కొత్తలో హైదరాబాదులో ఒక నిఖా విందులో మేమిద్దరం మొదటిసారి ఒకే చెంచాతో తిన్నది అదే కాబట్టి దానికి ఆ చోటు దక్కింది. ఎండు ఖుబానీలు ముందురోజు రాత్రే నానబెట్టి, గింజలు తీసి, చక్కెరతో మెత్తగా ఉడికించాను. గింజలు పగలగొడితే లోపల బాదంలాంటి పలుకు వస్తుంది, దాన్ని పైన చల్లాను. (ఈ పని సుత్తితో చేస్తే వంటగది నిండా పెంకులే, అడకత్తెర మేలు.) గిన్నెకు ఒకవైపు నాలుగు పూతరేకులు, రెండోవైపు ఉప్పూ కారం చల్లిన జామముక్కలు, ఈ రెండింటికీ మధ్య వేయించిన జీడిపప్పుతో చేనుకు గట్టు వేసినట్టు ఒక వరుస. కాకినాడ గొట్టం కాజాలు కొరకగానే పాకం జారుతుంది కాబట్టి వాటికి విడిగా తమలపాకు. బందరు లడ్డు ఒక్కటే, అదీ సగానికి విరిచి. చాక్లెట్టు కూడా మానలేదు. ఏలూరు, పశ్చిమ గోదావరి జిల్లాల కొబ్బరి తోటల్లో అంతరపంటగా పండిన కోకోతో చేసిన చేదుపాటి పలక ఒకటి చివర్లో, కూర్చోబోయే ముందు విరిచి పెట్టాను. అన్నీ కలిపి పావుకిలో చిల్లర. నాలుగేళ్లుగా చక్కెర వ్యాధికి మందులు వాడుతున్న ఆమెకు అదీ ఎక్కువే. అన్నీ ఒక్కో కొరుకు తిని, జామముక్కలు మాత్రం నాకు మిగల్చలేదు.

ఇక ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం. ఆ ఒక్క లడ్డు కోసం, రెండు కాజాల కోసం నేను మా పట్టణంలో మూడు దుకాణాలు తిరిగాను. ఒకచోట "అరకిలోకు తక్కువ కట్టం సార్" అన్నారు. ఇంకొకచోట ఏ రకమైనా పావుకిలో తీసుకోవాలన్నారు. ఐదు రకాలు కావాలంటే కిలోంపావు కొనాలన్నమాట, అదీ ఇద్దరి కోసం! మూడో దుకాణంలో కాజాలు విడిగా ఇవ్వడానికి ఒప్పుకున్నారు కానీ, పెద్ద అట్టపెట్టెలో పెట్టి పెట్టెతో సహా తూచబోయారు. అడిగితే పెట్టె తీసి మళ్లీ తూచారు. ఏ మిఠాయి ఎప్పటిలోగా తినాలో అద్దాల బీరువాలో ఎక్కడా రాసి లేదు. విడిగా అమ్మే మిఠాయిల ముందు కూడా ఆ తేదీ ప్రదర్శించాలని ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2020 అక్టోబరు 1 నుంచే తప్పనిసరి చేసిందన్న సంగతి చెబితే, కౌంటర్ దగ్గరి అబ్బాయి నావైపు జాలిగా చూశాడు.

డెజర్ట్ బోర్డులో ఈ తేదీ విషయం మరీ ముఖ్యం. పాలకోవా, రసగుల్లాలాంటి పాల మిఠాయిలు నెయ్యీ బెల్లంతో చేసిన లడ్డులా నిలవ ఉండవు. అన్నిటినీ ఒకే పళ్ళెంలో గంటల తరబడి బయట ఉంచినప్పుడు ముందుగా పాడయ్యేదేదో కొన్నవారికి తెలియాలి. నేను పాల మిఠాయి పెట్టకపోవడానికి కారణం రుచి కాదు, ఆ తేదీ తెలియకపోవడమే.

అందుచేత ఆహార భద్రత అధికారులు, తూనికలు కొలతల శాఖ వారు దసరా దీపావళి తనిఖీలతో సరిపెట్టకుండా, ఫిబ్రవరిలో ప్రేమికుల రోజుకు, మాఘమాసపు పెళ్లిళ్లకు ముందు కూడా మిఠాయి దుకాణాలను చూడాలని కోరుతున్నాను. దుకాణదారులకు నా విన్నపం చిన్నది: రకానికి రెండేసి చొప్పున, ముక్కల లెక్కన ధర కట్టి అమ్మండి. పది రకాలు రుచి చూసినవాడు నచ్చినదాన్ని పండక్కి కిలోల్లో కొనుక్కోవడానికి మళ్లీ మీ దగ్గరికే వస్తాడు. మీ అనుబంధం ఈసారి ఇలాంటి వ్యాసం వేసేటప్పుడు, ఏ ఊళ్లో ఏ మిఠాయి విడిగా దొరుకుతుందో కూడా రాయిస్తే నాలాంటివారు మూడు దుకాణాలు తిరగక్కర్లేదు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
రాజమహేంద్రవరం