ముంజలు తింటూ ఫోనెందుకండీ?

సంపాదకులకు నమస్కారం.

సంతోషంగా ఉండడం గురించి ఆదివారం అనుబంధాల్లో వచ్చేవన్నీ చదువుతుంటాను గానీ, ఎక్కువగా తెల్లారి అయిదింటికి లేవండి, ధ్యానం చేయండి అనే వరసే, చేతిలో ఉన్న చిన్న సుఖాన్ని కాస్త నిలబెట్టుకోవడం ఎలాగో చెప్పేవాళ్లు తక్కువ. హార్వర్డ్ పరిశోధకులు కిల్లింగ్స్‌వర్త్, గిల్బర్ట్ 2,250 మందిని ఫోన్ యాప్‌లో వేళకాని వేళ ‘ఇప్పుడేం చేస్తున్నారు, మనసెక్కడుంది’ అని అడిగి 2010లో ఫలితం చెప్పారు. దాదాపు 47 శాతం సమయం మనసు చేసే పని మీద లేదట, అలా ఉన్నప్పుడు సంతోషమూ తక్కువేనట. మా ఇంట్లో అడిగితే 90 దాటుతుందేమో!

ఈ ఎండల్లో ముంజలు తెచ్చుకుంటాం కదా. కాయలోనే బొటనవేలు గుచ్చి జుర్రుకుంటే చల్లటి నీళ్లు గడ్డం మీదుగా మోచేతి దాకా కారతాయి, అది రెండు చేతుల పని. మావాళ్లేమో ఒలిచినవి గిన్నెలో వేసుకుని, రీల్స్ చూస్తూ మింగేసి, ‘అప్పుడే అయిపోయాయా?’ అంటారు.

షికాగో లయోలా యూనివర్సిటీ సైకాలజిస్ట్ ఫ్రెడ్ బ్రయంట్ ఏళ్ల తరబడి ఈ చిన్న సుఖాల్ని ఆస్వాదించడం మీదే పనిచేశారు. బాగున్నదాన్ని గమనించి పక్కవాళ్లతో పంచుకుంటే ఆ ఆనందం పెరుగుతుందంటారు. మనకేమో పైకి బాగుందంటే దిష్టి తగులుతుందని భయం!

ఈ పేజీలో వారానికోసారి ‘ఈ వారం బాగున్నవి’ అని నాలుగు ఉత్తరాలు వేయండి. మా వీధి డ్రైనేజీ మీద ఉత్తరం విడిగా పంపుతున్నాను, అదీ వేయాలి.

– ఒక పాఠకురాలు, తెనాలి