అపార్ట్‌మెంటు సంక్షేమ సంఘం వార్షిక నివేదిక, 2024-25

గౌరవ సభ్యులకు నమస్కారం.

లిఫ్టు ఒప్పందం పొడిగింపు, బోరు మోటారు రివైండింగు, సంక్రాంతి ముగ్గుల పోటీ సంగతులు మీకు తెలిసినవే. ఈ ఏడాది సంఘం గర్వంగా చెప్పుకోదగ్గ పని ఒకటే: సెల్లారులోకి వాన నీళ్ళు రాకుండా కట్టడి చేయడం.

భీమవరంలో సెల్లారు కట్టుకున్నాక ఊట తప్పదని చాలామంది సరిపెట్టుకున్నారు. ఊట నీరైతే పంట కాలువలకు నీరు వదిలాక నేలంతా మెల్లగా చెమర్చి, రోజుల తరబడి ఆరదు. మనకు మాత్రం కాలువలకు నీరు ఆపేసిన మే నెలలో, ఒక్క గాలివానకే, గంటలోపు, సరిగ్గా వాన పైపుల కింద గోడ తడిసింది. అది మన డాబా నీరే. 4,000 చదరపు అడుగుల డాబా మీద 5 సెంటీమీటర్ల వాన పడితే సుమారు 18,600 లీటర్ల నీరు దిగుతుంది. పైపు పూడితే అదంతా గోడ వెంట పునాదిలోకి పోతుంది. పునాది పక్కన తిరిగి పోసిన మట్టి గుల్ల, దాని అవతల నల్లమట్టిలోకి నీరు త్వరగా ఇంకదు. నీళ్ళు తొట్టిలో ఉన్నట్టు నిలిచి, గోడా నేలా కలిసే అతుకులోంచి తోసుకొస్తాయి. లోపల వాటర్‌ప్రూఫ్ రంగు వేస్తే చాలదా అన్న సభ్యులకు మనవి: బయట నీరు నిలిచినంత కాలం ఆ పూత పొక్కి రాలుతూనే ఉంటుంది.

జూన్ మొదటి ఆదివారం శ్రమదానంలో నాలుగు పైపులూ శుభ్రం చేశాం. పైనుంచి కర్రతో పొడిస్తే చెత్త ఇంకా బిగుస్తుంది కాబట్టి, ముందు పైపు అడుగున ఉన్న బెండు (వంపు ముక్క) విప్పి కిందినుంచి లాగాం. బాదం ఆకులు, పావురాల ఈకలు, సిమెంటు పెళ్ళలు మూడు గోనెలు వచ్చాయి. ఆ తర్వాత 20 లీటర్ల బకెట్లు రెండు ఒక్కసారే పోసి చూశాం. పైపు మూతి దగ్గర నీరు నిలిస్తే అడ్డు ఇంకా ఉన్నట్టే. ఒక్క ఆకుకే మూసుకుపోయే బల్లపరుపు జాలీలు తీసేసి గుమ్మటం జాలీలు పెట్టించాం. వెనక వైపు 110 మిల్లీమీటర్ల పైపుకు ఒక సాకెట్ (పై పైపు దిగే వెడల్పు మూతి) తలకిందులుగా బిగించి ఉంది, కారడానికి కారణం అదే. సాకెట్ నోరు ఎప్పుడూ పైకే ఉండాలి. గోడ మొదట్లోనే నీళ్ళు వదులుతున్న పైపులను 8 అడుగులు పొడిగించి, అడుగుకు పావు అంగుళం వాలుతో వీధి కాలవలో కలిపాం. మురుగు లైనులో కలపమని కొందరు పట్టుబట్టారు. జోరు వానలో మురుగు ఎదురుతన్ని కింది ఇళ్ళ బాత్‌రూముల్లోకి వస్తుంది కనుక ఒప్పుకోలేదు.

మొత్తం 24 ఫ్లాట్లుంటే ఆ రోజు వచ్చినది ఏడుగురు. సెల్లారులో బండి మునిగితే ఫోన్ చేసేవారు ఆ ఒక్క పూట దిగి రాలేకపోయారు. వాషింగ్ మెషీన్ నీళ్ళు వాన పైపులోకి వదలవద్దని మూడుసార్లు నోటీసు పెట్టినా ఇద్దరు మానలేదు, ఆ సబ్బు జిడ్డుకే దుమ్ము పేరుకుంటోంది. వీధి కాలవ పూడిక తీయించమని రెండు అర్జీలు ఇచ్చాం, జవాబు లేదు. ఆ కాలవ నిండితే మన పైపులు ఎంత బాగున్నా నీరు వెనక్కే వస్తుంది.

జమాఖర్చులు కోశాధికారి గారు సరిచూసి నోటీసు బోర్డులో పెట్టారు.

నిచ్చెన ఇచ్చిన పక్క వీధి వారికి, మధ్యాహ్నం దాకా ఎండలో నిలబడ్డ ప్లంబరుకు, వాచ్‌మన్ దంపతులకు, పులిహోర, మజ్జిగ పంపిన మహిళా సభ్యులకు సంఘం తరఫున కృతజ్ఞతలు.

అక్టోబరు తుపాన్లకు ముందు, సెప్టెంబరు చివరి ఆదివారం ఉదయం 7 గంటలకు మళ్ళీ పైపులు శుభ్రం చేస్తాం. ఫ్లాటుకు ఒకరు తప్పనిసరి, బకెట్ వెంట తెచ్చుకోవాలి.

కార్యదర్శి