మంచు పడకపోతే నష్టం టూరిస్టులకేనా?

సంపాదకులు గారికి నమస్కారం.

కశ్మీర్‌లోని గుల్‌మార్గ్‌లో మంచు పడలేదంటే చాలు, స్కీయింగ్ లేదు, హోటళ్లు ఖాళీ అని రాస్తారు. అక్కడి జనం ఆరోగ్యం సంగతి ఎవరూ రాయరు. 2024 జనవరిలో, కశ్మీరీలు చిల్లై కలాన్ అనే నలభై రోజుల గడ్డు చలి నడుమ, గుల్‌మార్గ్ కొండలు మంచు లేక మట్టిరంగులో కనిపించాయి. వానా మంచూ రెండూ లేకపోతే గాల్లో దుమ్ము, పొయ్యిల పొగ అణగవు, లోయ కాబట్టి తొందరగా బయటికీ పోవు, ఆస్తమా ఉన్నవాళ్ల పాట్లు ఇక చెప్పక్కర్లేదు.

బెంగళూరులో ఉండి మనకెందుకు ఇదంతా అంటారా? 1884 జనవరిలో 7.8 డిగ్రీలకు పడిపోయిన ఊరిది. ఇప్పుడు మా మారతహళ్లిలో ఫిబ్రవరికే ఫ్యాన్ ఆపితే నిద్ర పట్టదు. 2025 ఫిబ్రవరి అయితే 1901 నుంచి దేశంలో అన్నిటికన్నా వేడి ఫిబ్రవరి అని వాతావరణ శాఖే చెప్పింది.

చలి తగ్గితే పెద్దవాళ్లకు మంచిదే కదా అని మా అపార్ట్‌మెంట్‌లో ఒకాయన వాదన. కొంత నిజమే, చలికి బీపీ పెరుగుతుంది, గుండెపోట్లూ ఎక్కువే. కానీ ఆ వెచ్చదనం దోమకీ మంచిదే! డెంగీ దోమ గుడ్లు నీళ్లు లేకపోయినా నెలల తరబడి బతికుంటాయి, వేడి కాస్త పెరిగితే దోమ ఒంట్లో వైరస్ కూడా త్వరగా పెరుగుతుంది. చల్లని ఊరనుకునే కాఠ్మండూని కూడా 2022లో డెంగీ వదల్లేదు, ఆ ఏడాది నేపాల్ మొత్తం మీద కేసులు 50 వేలు దాటాయి. మన కర్ణాటక 2024లో డెంగీని అంటువ్యాధిగా ప్రకటించాల్సి వచ్చింది.

నీళ్ల సంగతి వేరే. 2025లో హిందూకుష్ హిమాలయాల్లో మంచు నిలిచి ఉండడం మామూలు కన్నా 23.6 శాతం తగ్గింది. ఎండాకాలం మొదట్లో గంగా సింధు నదులకు ఆ మంచు నీరే కొంత ఆసరా, అది తగ్గితే ఏ నీళ్లు దొరికితే అవే తాగుతారు, విరేచనాలూ కామెర్లూ అక్కడే మొదలవుతాయి. 2024 వేసవిలో మేం ట్యాంకర్ల మీద బతికాం (అది మంచు వల్ల కాదు, వానల్లేక), ఆ నీళ్లు ఎక్కడివని ఒక్కరూ అడగలేదు, వస్తే చాలనుకున్నాం.

అందుకే ఒక మనవి. రోజూ వేసే ఉష్ణోగ్రతల పట్టికలో రాత్రి కనిష్ఠం మామూలు కన్నా ఎంత ఎక్కువుందో కూడా వేయండి. డెంగీ కేసుల లెక్క వానాకాలంతో ఆపేయకుండా డిసెంబరు, జనవరిలో కూడా ఇవ్వండి.

– ఒక పాఠకుడు, మారతహళ్లి, బెంగళూరు