ఉత్త మైనస్ డిగ్రీలు రాస్తే సరిపోదండి

ఎడిటర్ గారికి నమస్కారం,

చలి దేశాల్లో గోధుమ పోయిందని వార్త వచ్చినప్పుడల్లా మైనస్ ఎన్ని డిగ్రీలు పడిందో రాసి వదిలేస్తున్నారు, ఆ గోధుమ ఎప్పుడు విత్తారో ఒక్క లైన్ కూడా ఉండట్లేదు. ఒకే రాత్రి ఒకే చలి పడినా పక్కపక్క చేలల్లో ఒకటి బతికి ఇంకోటి పోయిందంటే చాలాసార్లు తేడా అదునులోనే ఉంటుంది.

వింటర్ వీట్ ఆకు రాలే కాలంలో విత్తి చలంతా దాటించి మరుసటి వేసవిలో కోసే పంట. చలికి ఆకులు మాడినా కంగారు లేదు, బతకాల్సింది మట్టిలో అంగుళం, అంగుళంన్నర లోతున ఉండే మొక్క మొదలు, క్రౌన్ అంటారు, కొత్త వేర్లు పిలకలు అక్కణ్ణుంచే రావాలి. అది చలికి గట్టిపడాలంటే వాతావరణం సుమారు 10 డిగ్రీల లోపుకి దిగాక కొన్ని వారాలు మొక్క పచ్చగా ఉండి చక్కెరలు దాచుకోవాలి. నేల గడ్డకట్టేలోపు 2-3 పిలకలేసిన మొక్కకి ఆ టైం దొరుకుతుంది. లేటుగా విత్తింది ఒకటి రెండాకుల మీదే ఉండిపోతుంది, దాచుకున్నది తక్కువ, వేర్లు పైపైనే, దానికితోడు రాత్రి గడ్డకట్టి పగలు కరిగే నేల మొక్కని పైకి ఎత్తేసి వేర్లు తెంపేస్తుంది, తర్వాత ఎండిపోతే చలికి పోయిందనేస్తారు.

పోనీ బాగా ముందే విత్తేద్దామా అంటే అదీ తంటానే, ఏపుగా పెరిగి నేలలో పదునంతా తాగేస్తుంది, పేనుబంక వైరస్‌లు మోసుకొస్తుంది, గోధుమని పాడుచేసే హెస్సియన్ ఈగ గుడ్లు పెడుతుంది. అందుకే అమెరికాలో ఈగ తిరగడం తగ్గే తేదీ దాటాకే విత్తమని ఏరియాల వారీగా చెప్తారు.

లేటైనంత మాత్రాన అంతా పోయినట్టు కాదు. ఈ గోధుమ వెన్ను తీయాలంటే ముందు కొన్నాళ్లు చలి తగలాలి, తడి తాగి మొలక మొదలెట్టిన గింజకి మట్టిలోనే చలి తగిలినా వెన్ను తీయడానికి సరిపోతుంది, దిగుబడి తగ్గుతుందంతే, అందుకే విత్తనం డోసు పెంచుతారు. పాత పంట కొయ్యకాళ్ల మధ్య విత్తితే కురిసిన మంచు అక్కడ నిలిచి దుప్పటిలా మొదలుని కాపాడుతుంది.

ఇంకోటి, ఆకు రంగు చూసి పంట పోయిందని రాయకండి. చలి తగ్గాక మొక్క తవ్వి మొదలు చీల్చి చూస్తే తెల్లగా గట్టిగా ఉందా, గోధుమరంగులో మెత్తబడిందా తెలిసిపోతుంది. ఈసారి వార్తలో డిగ్రీలతో పాటు విత్తిన తేదీ, ఆ రాత్రి చేను మీద మంచు ఉందా లేదా అనేది కూడా అడిగి వెయ్యండి.

ఇట్లు,
మీ పాఠకుడు