చెన్నై వేలచ్చేరి ఫ్లాటుకు అడ్వాన్సు ఇచ్చేముందు

అమ్మలూ,

ఫ్లాటు కాగితాలన్నీ చూశాను. విల్లంగంలో (మన ఈసీ) అప్పులూ అమ్మకాలూ కనిపిస్తాయి గాని వరద నీళ్ళు ఎంతవరకు వచ్చాయో ఉండదు. అది నువ్వే కనుక్కోవాలి, అదీ అడ్వాన్సు ఇవ్వకముందే.

బ్రోకరును అడగకు. వీధిలో ఇస్త్రీ బండాయన్ని అడుగు: 2015 డిసెంబరులో ఏ మెట్టు దాకా వచ్చాయి, 2023 డిసెంబరులో ఎన్ని రోజులు నిలిచాయి అని. "అడయారు నది ఇక్కడికి దూరం" అంటారు. 2015లో చెంబరంబాక్కం చెరువు నుంచి 29,000 క్యూసెక్కులు వదిలితే నది పక్క ఇళ్ళు మునిగాయి, నిజమే. వేలచ్చేరి సంగతి వేరు. ఇక్కడి వాన నీళ్ళు పళ్లికరణై చిత్తడిలోకి, అక్కణ్ణించి ఒక్కియం మడువు అనే వాగు మీదుగా బకింగ్‌హామ్ కాలువకు, కోవళం దగ్గర సముద్రంలోకి పోవాలి. సముద్రం పోటు మీదుంటే ఆ దారి సాగదు, నీళ్ళు వీధుల్లోనే ఆగిపోతాయి.

మేస్త్రీల లెవెల్ ట్యూబుతో రోడ్డు నడిమికీ కింది గచ్చుకూ తేడా కొలిపించు. పాత తారు గీకకుండా మీదే కొత్త రోడ్డు వేసిన ప్రతిసారీ ఇల్లు పల్లమవుతుంది. కట్టినప్పటి ఎత్తు చెప్తే లెక్కలోకి తీసుకోకు.

రెండో అంతస్తు కదా అని ధీమా వద్దు. మీటరు బోర్డు, సంపు, మోటారు, లిఫ్టు గుంట అన్నీ కిందే. సంపులో మురుగు కలిస్తే పై కుళాయిలోనూ అదే.

అమెరికాలో ఇళ్ళ అమ్మకాలు చూసే రెడ్‌ఫిన్ సంస్థ 2020 చివర్లో ఒక పరీక్ష చేసింది. పదికి సగటున 8.5 ముంపు స్కోరున్న (అంకె పెరిగితే ముప్పు ఎక్కువ) ఇళ్ళు చూస్తున్నవాళ్ళకు ఆ అంకె చూపిస్తే, చివరికి వాళ్ళు ధర చెప్పింది సగటున 3.9 ఉన్న ఇళ్ళకు. మన ఫ్లాటు ప్రకటనల్లో ఆ అంకె కనపడదు. పైగా అమ్మకం చెడుతుందని అపార్ట్‌మెంటు వాళ్ళే ముంపు మాట పైకి రానివ్వరు. నాకు భయం ఇక్కడే. ఆ మాటే ఎత్తనిచోట బోర్డు పైకి మార్చడానికి చందా ఎవరిస్తారు? అందుకే అసోసియేషన్ మినిట్స్ పుస్తకం అడుగు. 2015 తర్వాత బోర్డును నీటి గుర్తుకు పైకి మార్చారా, సంపు మూత చుట్టూ గోడ లేపారా, డ్రైనేజీ గొట్టానికి నాన్-రిటర్న్ వాల్వు పెట్టారా? లేకపోతే ఆ ఖర్చులో మీ వాటా ధరలో తగ్గించమను.

ఇంటికి భారత్ గృహ రక్ష పాలసీ తీసుకో, వరద అందులో ఉంటుంది. ఇంటికి బీమా చేస్తే అందులో 20 శాతం, 10 లక్షలు మించకుండా, సామానుకూ వర్తిస్తుంది. కారు ఇంజనుకు వేరే రక్షణ చేర్పించుకోవాలి.

ఆ పుస్తకం చూపించమంటే చూపించకపోతే ఇంకో ఇల్లు చూద్దాం. అల్లుడికీ చెప్పు.

నాన్న