బీరువాలోని ఉప్పాడ కాగితాలు

విజయవాడ

నాన్నా చిన్నా,

సంక్రాంతికి వచ్చినప్పుడు బీరువా సర్దుతూ "అమ్మా, ఈ ఉప్పాడ కాగితాలు ఇంకెందుకు? ఆ స్థలమే సముద్రంలో కలిసిపోయిందిగా" అన్నావు. నువ్వు మామూలుగానే అన్నావు. నాకే గొంతుకు ఏదో అడ్డుపడి, వాటిని మళ్లీ లోపల పెట్టేశాను. అప్పుడు చెప్పలేకపోయింది ఇప్పుడు రాస్తున్నాను.

అది కాకినాడ దగ్గర మన ఉప్పాడలో, నా పెళ్లికి తాతయ్య పసుపు కుంకుమ కింద రాసిచ్చిన ఐదు సెంట్లు. పక్కనే వాళ్ల ఇల్లు. దస్తావేజులో హద్దులు చూడు. పడమర ఊళ్లోకి వెళ్లే బాట, తూర్పున కొబ్బరితోట. సముద్రం అన్న మాటే ఉండదు. తోట దాటితే ఇసుక మెట్ట, అది దిగితే వలలు ఆరేసే చోటు, ఆ తర్వాత పడవలు, ఆపైన సముద్రం. మధ్యాహ్నం పూట ఆ ఇసుకలో కాళ్లు కాలిపోయేవి. తాటాకు ముక్క ఒకటి పట్టుకెళ్లి, మంట పుట్టినప్పుడల్లా దాని మీద నిలబడి మళ్లీ పరుగెత్తేవాళ్లం. నీళ్లు అంత దూరంలో ఉండేవి.

నువ్వు పుట్టేసరికి తోట పోయింది. ముందు వేళ్ల కింద ఇసుక జారిపోతుంది. చెట్టు సముద్రం వైపు ఒరిగి, ఒరిగాక కూడా కొన్నాళ్లు కాయలు కాస్తుంది. ఒక అమావాస్య పోటుకు పడిపోతుంది. తర్వాత మన స్థలం. ఆ తర్వాత తాతయ్య కట్టిన వంటింటి గోడ. ఆ గోడ కూలిన ఏడాది నీకు ఐదేళ్లు. ఇంట్లోంచే సముద్రం కనిపిస్తోందని గంతులేశావు. నేను అమ్మమ్మ ముఖం చూశాను.

నష్టపరిహారం కోసం అమ్మమ్మతో కలిసి ఒక ఆఫీసుకు వెళ్లాను. "ఏ తుఫానులో పోయింది?" అని అడిగారు. "ఏ తుఫానూ కాదు బాబూ, రోజూ కొంచెం కొంచెం పోయింది" అంది అమ్మమ్మ. ఫారంలో దానికి గడి లేదు. తుఫాను, వరద, కరువు, సునామీ, ఆఖరికి వడగళ్ల వాన కూడా జాతీయ విపత్తుల జాబితాలో ఉన్నాయి. సముద్రపు కోత లేదు. ఈ అన్యాయం నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

రోజూ పొద్దున్నే ప్రకాశం బ్యారేజీ మీద నడుస్తానా, గేట్ల వెనక నిలబడిన నీళ్లు చూస్తే ఊరే గుర్తొస్తుంది. గంగమ్మకు కోపమొచ్చిందనేది అమ్మమ్మ. నాకు ఇక్కడికొచ్చాక అర్థమైంది. సముద్రం ఒడ్డు ఇసుకను ఎప్పుడూ పట్టుకెళుతూనే ఉంటుంది, నదులు తెచ్చిన ఇసుక ఆ లోటు తీరుస్తుంది. కృష్ణ మీద శ్రీశైలం, నాగార్జునసాగర్, గోదావరి మీద ఎగువ నుంచీ ఎన్నో జలాశయాలు. ఇసుక వాటిలోనే ఆగిపోతోంది. అందులోనూ ఉప్పాడది మరీ కష్టం. మన తీరంలో ఇసుక ఎక్కువగా దక్షిణం నుంచి ఉత్తరానికి కదులుతుంది. గోదావరి మేటతో పెరిగిన హోప్ ఐలాండ్ కాకినాడను కాపాడుతుంది గానీ, ఆ ఇసుక దాన్ని దాటి ఉప్పాడకు సరిగా అందదు. అలలు మాత్రం వచ్చి కొడతాయి.

ఆ ఆనకట్టల నీళ్లతో పండిన అన్నమే మనం తిన్నాం. కట్టినవాళ్లను తిట్టను. కానీ నది కొసన ఉన్నవాళ్ల లెక్క ఎవరూ వేయలేదు. ఉపగ్రహ చిత్రాలతో 1990 నుంచి 2018 దాకా చూస్తే ఆంధ్ర తీరంలో 28.7 శాతం కోతకు గురవుతోందని తేల్చారు. రాళ్లు వేశారు, జియోట్యూబులని, ఇసుక నింపిన పెద్ద గుడ్డ గొట్టాలు పరిచారు. అవీ చిరిగాయి, కాకినాడ బీచ్ రోడ్డూ తుఫానుకోసారి తెగుతూనే ఉంది. గోడ ఉన్నచోట ఆగిన అల, గోడ అయిపోయినచోట పక్కవాళ్ల ఇంటిని తింటుంది.

అమ్మమ్మను ఇక్కడికి తీసుకొచ్చేయమంటావు. ఎన్నిసార్లు బతిమాలానో! ఆవిడ నలభై ఏళ్లు ఎండుచేపలు చేసి మమ్మల్ని పెంచింది. చేపలు ఆరబెట్టిన ఆ ఇసుకే ఆవిడ పొలం. అది పోయాక కూడా, పడవలు వచ్చే వేళకు మామయ్య వాళ్ల గుమ్మంలో కూర్చుంటుంది. కృష్ణలంకలో మూడో అంతస్తులో ఎవరి కోసం ఎదురుచూస్తుంది?

ఒక చిన్న ఆశ ఉంది. కోత వల్ల ఇళ్లు పోయినవాళ్లకు పునరావాసం కోసం కేంద్రం వేసిన 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి వెయ్యి కోట్లు సిఫార్సు చేసింది. కోతకు విడిగా డబ్బు చూపడం అదే మొదలు. మామయ్య మళ్లీ అర్జీ పెడుతున్నాడు. మన దస్తావేజు జిరాక్స్ పంపాను. అక్కడ ఒక కొబ్బరితోట, ఒక బాట, మన ఐదు సెంట్లు ఉండేవని చెప్పడానికి నా దగ్గర ఉన్నది ఆ కాగితమే. అసలు పత్రం బీరువాలో పై అరలో ఉంది, పారేయకు.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో చేపల వేట నిషేధం. మామయ్య ఇంటి దగ్గరే ఉంటాడు. ఆ రోజుల్లో నాలుగు రోజులు సెలవు పెట్టు, ఇద్దరం వెళ్దాం. మన గుమ్మం ఎక్కడ ఉండేదో అమ్మమ్మ నీళ్లలోకి వేలు పెట్టి చూపిస్తుంది. ఆవిడ చూపించగలిగినప్పుడే నువ్వు చూడాలి.

అమ్మ