డబ్బా అంటే అట్టపెట్టె కాదు, మా కుక్క పేరు

కాజీపేట,
మే 15.

ఆన్‌లైన్ మందుల కంపెనీ ఫిర్యాదుల అధికారి గారికి,

విషయం: ఏప్రిల్ 22 నాడు మీరు పంపిన క్యాన్సర్ గోలీల సీసా, దాని మీద నేనడిగిన ఒక్క ప్రశ్న, 23 రోజుల నుంచి రాని జవాబు.

అయ్యా, లేదా అమ్మా,

మీ పేరు రాసే మొదలుపెడదామనుకున్న. పేరు చెప్పుండ్రని మీ మనుషులను ముగ్గురిని అడిగిన. ఒకాయన "అది కాన్ఫిడెన్షియల్ సార్" అన్నడు. ఫిర్యాదులు చూసే అధికారి పేరు, ఫోన్ నంబరు జనానికి కనబడేటట్టు పెట్టాలని 2020 నాటి ఈ-కామర్స్ నియమాలల్ల రాసి ఉన్నది. మీ కాడ అది దేవుని గుళ్లె గర్భగుడి లెక్క ఉన్నట్టున్నది. సరే, పేరు లేని అధికారికే రాస్తున్న.

నేను రైల్వేల 31 ఏండ్లు గార్డు పని చేసి రిటైరైన. మేము దిగిపోయినంక 2022ల ఆ కొలువు పేరు ట్రైన్ మేనేజర్ అని మార్చిండ్రు, మీరు ఫోనెత్తే పిల్లలకు కేర్ ఎక్స్‌పర్ట్ అని పెట్టుకున్నట్టే. పేరేదైనా గార్డుకు ఒక అలవాటు పోదు. బండి ఎక్కడ ఆగింది, ఎన్ని నిమిషాలు ఆగింది, ఎందుకు ఆగింది, రఫ్ జర్నల్ బుక్కుల రాసుకుంటడు. రేపు పైనోడు అడిగితే నోటి మాట నడవదు, కాయితం చూపెట్టాలె. మీతోటి మాట్లాడిన ప్రతి కాలూ నేను అట్లనే ఒక నోట్‌బుక్కుల ఎక్కించిన. మీ కాడ రికార్డు అయితదట గదా, "నాణ్యత కోసం". రెండూ పక్కపక్కన పెట్టి చూసుకుందాం.

ముందుగాల డబ్బా ఎవలో చెప్పాలె, అది మీ వాళ్లకు ఆఖరుదాక ఎక్కలేదు. తొమ్మిదేండ్ల కింద వానకాలంల కాజీపేట యార్డుల, గార్డు డబ్బా మెట్ల కింద ఒక కుక్కపిల్ల ముడుచుకొని పడుకున్నది. డ్యూటీ దిగి అంగీల పెట్టుకొని ఇంటికి తెచ్చిన. డబ్బా కింద దొరికిండు కాబట్టి డబ్బా అన్నం. మా ఇంటామె మొదట్ల వారం రోజులు వాకిట్లకు కూడ రానియ్యలే. ఇప్పుడు వాడు తినంది ఆమె తినదు.

ఈ చలికాలం వాని దవడ కింద రెండు పక్కల నిమ్మకాయలంత గడ్డలు లేసినయి. సూదితోటి నీరు గుంజి చూసి లింఫోమా అన్నరు, అదొక తీరు క్యాన్సరు. మందు పెట్టకుంటే నెల, రెండు నెలలు. పెడితే ఏడాది దాక చూడొచ్చు, పూర్తిగ నయమైతదని మాత్రం ఆశ పెట్టుకోకుండ్రి అని డాక్టరు సారు దాచకుండ చెప్పిండు. ఆయన మాట తీరు నాకు నచ్చింది. ఉన్నది ఉన్నట్టు చెప్పేటోడు దొరికితే మనిషి సగం బరువు దించుకుంటడు. మీ కంపెనీకి ఈ సంగతి ఎవరన్న చెప్పాలె.

కొన్ని సూదులు దవాఖానల, కొన్ని గోలీలు ఇంట్ల. మొదట్ల సైక్లోఫాస్ఫమైడ్ అనే క్యాన్సర్ మందు ఇచ్చినం. అది మూత్రాశయం లోపలి పొరను కాలుస్తదట, వానికి మూత్రంల నెత్తురు కనబడ్డది. అందుకని దాన్ని ఆపి, దాని జాగల క్లోరాంబుసిల్ రాసిండు. మనుషుల క్యాన్సర్‌కు వాడే గోలీనే. ఫ్రిజ్‌ల, 2 నుంచి 8 డిగ్రీల నడుమ ఉండాలె. దానికోసమే మీ తలుపు కొట్టిన.

ఇంట్ల కీమో గోలీ ఇచ్చుడంటే ఏందో మీ కేర్ ఎక్స్‌పర్ట్‌లకు తెల్వదు కాబట్టి రాస్తున్న. రక్తపరీక్షల తెల్లకణాలు మంచిగున్నయంటేనే డాక్టరు లైన్ క్లియర్ ఇస్తడు. లేకుంటే బండి కదలద్దు. గోలీని విరగ్గొట్టద్దు, నూరద్దు, నీళ్లల్ల కరిగియ్యద్దు. ఉత్త చేతులతోటి ముట్టద్దు, గ్లౌజులు ఏసుకోవాలె. కడుపుతోటి ఉన్నోళ్లు ఆ దరిదాపుల ఉండద్దు. ఉడకబెట్టిన కోడి కార్జం మూడు ముక్కలు చేస్త. మొదటిది ఉత్తది, నడుమదాంట్ల గోలీ, మూడోది మళ్ల ఉత్తది. మూడోదాని ఆశకు నడుమది నమలకుండ మింగుతడు. ఒకసారి బుగ్గల దాచిపెట్టుకొని, మేము మంచిగ మింగిండని మురుస్తుంటే, పోయి తులసి గద్దె కాడ ఉమ్మిండు. ఆ రోజు నుంచి నోరు తెరిచి నాలుక కింద దాక చూస్తం. అటెనుక రెండు మూడు రోజులు వాని మూత్రం, దొడ్డి, కక్కితే కక్కు, అన్నీ గ్లౌజులతోటే తీసుడు, నీళ్లు కొట్టి కడుగుడు. ముఖం నాకనియ్యద్దు. ఇది వానికి ఎట్ల చెప్పాలె? నేను తలకాయ తిప్పుకుంటే, ఏం తప్పు చేసిన్నో అన్నట్టు మూలకు పోయి కూసుంటడు.

ఇగ మీ పార్సిలు. ఐస్ పెట్టెల వస్తదని మీ యాప్‌ల రాసి ఉన్నది, దానికి వేరే పైసలు కూడ పట్టిండ్రు. ఏప్రిల్ 22, మధ్యాహ్నం 1.40కి పల్చటి ప్లాస్టిక్ కవర్ల వచ్చింది. బయట ఎండ 40 దాటింది. సీసా మూత వదులైంది, గోలీలు పగిలి అడుగున పొడి. విప్పింది నేను కాదు, మా బిడ్డ. ఏడో నెలల పురిటికి వచ్చిన పిల్ల. ప్రతి నెలా మీ కాడ నుంచే నాకు బీపీ గోలీలు, మా ఇంటామెకు షుగర్ గోలీలు వస్తయి గదా, అవే అనుకున్నది. వేళ్లకు పొడి అంటింది.

మూతకు ఎంత, సీసాకు ఎంత అని నేను కొట్లాడ. వస్తువన్నంక పగులుతది. మా గూడ్సు బండ్లల్ల ఎన్ని బస్తాలు చినగలే?

నేను అడిగింది ఒక్కటే. ఆ సీసా మీ గోదాము దాటినంక ఎన్ని గంటలు చల్లదనం లేకుండ ఉన్నది? డాక్టరు సారు అడగమన్నడు. పగలని గోలీలన్న పనికొస్తయా లేదా అన్నది దాని మీదనే చెప్పాలె, తెల్వని గోలీ ఇయ్యద్దు అన్నడు. బొగ్గు వ్యాగను మందమర్రి నుంచి బయలెల్లి యే స్టేషన్ల ఎంతసేపు ఆగిందో నేను నిమిషాలతోటి చెప్పేటోన్ని. అది బొగ్గు. ఇది మందు.

1.52కు మొదటి కాల్. "మీ కాల్ మాకు ఎంతో విలువైనది" అన్న పాట 17 నిమిషాలు. అటెనుక ఒకమ్మాయి.

"పేషెంట్ పేరు చెప్పండి సార్."

"డబ్బా."

"డబ్బా డ్యామేజ్ అయిందా సార్?"

"డబ్బా మంచిగ లేడమ్మా, క్యాన్సరు. మీ సీసా పగిలింది, మా బిడ్డ చేతికి అంటింది, ముందు ఆ సంగతి చెప్పుండ్రి."

"అర్థమైంది సార్. డబ్బా డ్యామేజ్ అని టికెట్ రైజ్ చేశాను. బాక్స్‌ని ఆరు వైపుల నుంచీ ఫొటోలు తీసి అప్‌లోడ్ చేయండి."

వాకిట్ల పడుకున్న డబ్బాను ఆరు దిక్కుల నుంచి ఫొటోలు తీసి పంపుదునా అని ఒక నిమిషం అనిపించింది. బిడ్డ సంగతి మీతోని అయ్యేటట్టు లేదని, ఆమెను చూసే లేడీ డాక్టరుకు ఫోను చేసినం. సబ్బుతోటి బాగ కడుక్కోవాలె, మళ్ల ముట్టద్దు, వచ్చి చూపించుకోవాలె అన్నది. దేవుని దయ, పిల్ల మంచిగున్నది. మీ కాడికెల్లి ఇయ్యాల్టి దాక "మీ అమ్మాయి ఎట్లున్నది" అని అడిగినోడు లేడు.

ఏప్రిల్ 23. రెండో అమ్మాయి. పేషెంట్ వయసు 9 ఏండ్లు అంటే, "చిన్నపిల్లలకైతే పిల్లల డాక్టర్ ప్రిస్క్రిప్షన్ కావాలి సార్" అన్నది. కుక్క అమ్మా అన్న. "సారీ సార్, సిస్టమ్‌లో ఆ ఆప్షన్ లేదు." అమ్మేటప్పుడు ఉన్న ఆప్షను అడిగేటప్పుడు ఎటు పోయింది?

ఏప్రిల్ 24. మీ యాప్‌ల చాట్. అండ్ల మనిషి లేడు, మిషను. "మీ నేస్తాన్ని" అన్నది. మనిషితోటి మాట్లాడాలె అని కొట్టిన. "మనిషి" పేరుతో మందులు ఏవీ దొరకలేదు అని వచ్చింది. దాన్ని నేను ఫొటో తీసి పెట్టుకున్న. ఇన్ని రోజుల్ల మీ కంపెనీ నుంచి వచ్చిన ఒకే ఒక్క నిజం అది.

ఏప్రిల్ 26. ఒకాయన మస్తు మర్యాదగ, "మా ఫార్మసిస్టు సాయంత్రం 4 నుంచి 6 మధ్య కాల్ చేస్తారు" అన్నడు. రెండు గంటలు ఫోను చేతుల పట్టుకొని అరుగు మీద కూసున్న. సందుల కూరగాయలామె వస్తే కూడ లేవలే. కాల్ రాలే. ఏప్రిల్ 28 నాడు నేనే చేస్తే, "మేము మూడుసార్లు ట్రై చేశాం, మీరు ఎత్తలేదు" అన్నరు. నా ఫోన్ల ఆ రోజు వచ్చిన కాల్ ఒక్కటే, గ్యాసు బండోనిది. అబద్ధం చెప్పినా సదువుకున్నోళ్లు లెక్క చెప్పాలె.

ఏప్రిల్ 29. సీసా వాపసు తీసుకపోనీకి ఒక పిలగాన్ని పంపిండ్రు. ఇరవై ఏండ్లు కూడ ఉండయి. ఉత్త చెయ్యి చాపిండు. సంచి తెరిస్తే పక్కన టిఫిన్ బాక్సు. ఇదేం మందో నీకు చెప్పిండ్రా బిడ్డా అంటే, "రిటర్న్ పార్సిల్ అన్నరు అంకుల్" అన్నడు. నేను ఇయ్యలే. మంచినీళ్లు ఇచ్చి పంపిన. సాయంత్రం మెసేజ్ వచ్చింది: కస్టమర్ నిరాకరించారు, టికెట్ మూసివేయబడింది. ఎందుకు నిరాకరించిండో రాసే జాగ మీ సిస్టంల లేనట్టుంది.

మే 3. సూపర్‌వైజరట. విప్పిన మందు వాపసు తీసుకోవద్దని పాలసీ అన్నడు. మరి నాలుగు రోజుల కింద పిలగాన్ని ఎందుకు పంపిండ్రు అంటే, "మీ బాధ నాకు అర్థమైంది సార్" అన్నడు. ఆ ఒక్క కాల్‌ల ఆ మాట ఆరుసార్లు అన్నడు, గీతలు గీసుకుంట లెక్కబెట్టిన. ఆఖరుకు కుక్క షాంపూ మీద 150 రూపాయల కూపన్ ఇచ్చిండు. కీమోకు కుక్కలకు మనుషుల లెక్క వెంట్రుకలు ఎక్కువ రాలయి, మీసాలు మాత్రం రాలుతయి. డబ్బావి రాలినయి. మీసాలకు షాంపూ ఏం చేసుకోవాలె?

మే 7 నాడు మీ మెసేజ్: "మీ పెట్ రీఫిల్ టైమ్ అయింది! త్వరపడండి!"

ఈ నడుమ ఏమైందో మీకు అక్కర లేకపోయినా చెప్తా. ఏప్రిల్ 21 నాడు తీసిన రక్తపరీక్ష మంచిగ వచ్చింది, 23కు గోలీ వడాలె. మీ దయవల్ల ఆగింది. నాతోటి పనిచేసిన ఒక దోస్తు సికింద్రాబాద్‌ల తిరిగి కొని, ఐస్ ఏసిన ఫ్లాస్కుల పెట్టుకొని, మే 1 పొద్దున బండిల తెచ్చిచ్చిండు. ప్లాట్‌ఫాం మీద ఫ్లాస్కు నా చేతిల పెట్టి, "ఎక్కడా మూత తియ్యలే, బండి ఏడు నిమిషాలు లేటు" అన్నడు. కంపెనీ లేదు, యాప్ లేదు, కూపన్ లేదు. మళ్ల రక్తపరీక్ష, మళ్ల కాలు గొరిగి సూది. ఎనిమిది రోజులు ఆలస్యం. దాంతోని వానికి ఎంత నష్టమైందో నేను చెప్పలేను. డాక్టరు సారు కూడ చెప్పలే. గడ్డలు మళ్ల చేతికి తగులుతున్నయని మా ఇంటామె అంటది. నేను తడిమి చూడలే.

2021ల, కరోనాల బయటికి పోవుడు బందైనప్పుడు, మా లైనుల మీ యాప్ మొదట ఏసుకున్నది నేను. తర్వాత ఆరుగురు రిటైర్డు ఉద్యోగులకు నా చేతులతోటి ఎక్కించిచ్చిన. మా ఊరి మందుల షాపాయన మొఖం చిన్నబోయినా, 10 శాతం తక్కువని మీ కాడనే కొన్న. ఆయన కొట్టు ఇంటికి మూడు వందల అడుగులు లేదు. ఎదురుపడితే ఇప్పుడు నేనే తలకాయ వంచుకొని పోతున్న. మీరు నాకు గోల్డ్ మెంబర్ అని పేరు పెట్టిండ్రు. గోల్డుకే ఇంత గతి పడితే, ఇత్తడోళ్లు, ఇనుపోళ్లు ఏం కావాలె?

పైసలు ఇస్తే ఇయ్యుండ్రి. ఇయ్యకున్నా నేను బతుకుత, పింఛను వస్తది. ఆ సీసా ఎన్ని గంటలు, ఎక్కడెక్కడ ఆగిందో కాయితం మీద రాసి, సంతకం పెట్టి పంపుండ్రి. అదే వేళల ఇంకెవరి ఇంటికన్న అట్లాంటి సీసాలు పోయి ఉంటే, వాళ్లకు ఫోను చేసి చెప్పుండ్రి. వాళ్ల ఇంట్ల ఉన్నది కుక్క కాకపోవచ్చు, మనిషి కావచ్చు.

ఫిర్యాదు అందిందని 48 గంటల్ల చెప్పాలె, నెల లోపల తేల్చాలె అని అవే నియమాలల్ల ఉన్నది. మొదటి కాల్ నుంచి లెక్కబెడితే మే 22 మీకు ఆఖరు. ఆ తెల్లారి వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేస్త, జిల్లా వినియోగదారుల కమిషన్ల కేసు ఏస్త. 5 లక్షల లోపు వాటికి ఫీజు కూడ లేదు. నాకు పని లేదు, ఓపిక ఉన్నది, నోట్‌బుక్ ఉన్నది. అవసరమైతే డబ్బాను తోలుకొని హైదరాబాద్ మీ ఆఫీసు మెట్ల మీదనే కూసుంట. అప్పుడు ఆరు దిక్కుల నుంచి ఫొటోలు మీరే తీసుకోవచ్చు. ఇంకేం చేస్తనో నాకే తెల్వదు.

మీ సీసా రెండు జిప్ కవర్లల్ల చుట్టి, మూత టైట్ చేసి, పిల్ల ఉన్న అర్ర నుంచి దూరంగ, పాత ఇనుప ట్రంకుల తాళం పెట్టిన. చెత్తల పారేసేది కాదు అది. తీసుకపోనీకి ఎవరన్న వస్తే పొద్దున 10 లోపల రావాలె, గ్లౌజులు ఏసుకొని రావాలె, టిఫిన్ సంచి బయట పెట్టాలె. డబ్బా మొరుగుతడు, భయపడొద్దు. ఈ నడుమ లేచి గేటు దాక రావుడు బంద్ చేసిండు. ఉన్నకాడనే మొరుగుతడు.

ఇట్లు,
మీ గోల్డ్ మెంబర్,
రిటైర్డు గార్డు,
కాజీపేట.